కుమారస్వామికి ఏమిచ్చినారు?



రెండేళ్ల కిందటి మాట. ఎండాకాలం సాయంత్రం. మా చిన్నది డ్రాయింగు పుస్తకాన్ని రెండు చేతుల్లో పట్టుకుని వంటింటి గడప మీద నిలబడింది. పుస్తకమంటే అట్ట మాత్రమే మిగిలింది. లోపలి కాగితాలన్నీ మా పెద్దోడు వేలెడు వెడల్పున, కొలిచి కోసినట్టు చింపి, మిద్దె మెట్ల మీద వరసగా పేర్చినాడు. చిన్నది మూడు రోజులు కూర్చుని రంగులేసిన నెమలి కూడా అందులోనే ఉంది. అది ఏడవలేదు. నా మొహం చూస్తూ నిలబడింది. నేను జొన్నరొట్టెలు తడుతున్నాను. చేతినిండా పిండి. ఇట్లాంటప్పుడు ఏ తల్లయినా అనే మాటే నేనూ అన్నాను. "వాడికి తెలీదులే పాపా. నువ్వు తెలిసినదానివి కదా!"

అది కాసేపు ఆలోచించి, "నాకు మాత్రం ఏం తెల్సు మ్మా?" అన్నది.

దానికప్పుడు ఐదేళ్లు. వాడికి తొమ్మిది.

నేను కర్నూలును ఆనుకుని, హంద్రీ దాటినాక వచ్చే కల్లూరులో ఉంటాను. మా పెద్దోడికి ఆటిజం ఉందని తేలినాక వాడికోసమే ప్రత్యేక విద్యలో చదువు చదువుకుని, ఇప్పుడు అట్లాంటి పిల్లలకే పాఠాలు చెప్తున్నాను. పెద్దోడు ఎట్లా ఉన్నాడని అడిగేవాళ్లు చానామంది. మందులు వాడుతున్నారా, హైదరాబాదులో చూపించినారా, ఏ దేవుడికి మొక్కుకున్నారు అని అడుగుతారు. ఆ ఇంట్లోనే పెరుగుతున్న రెండో బిడ్డను ఎవరూ ఏమీ అడగరు. అడిగితే ఒకటే అడుగుతారు. "అన్నను బాగా చూసుకుంటున్నావా?"

మా వాడికి బస్సులంటే ప్రాణం. ఆర్టీసీ బస్సుల ముందు బోర్డులు చూసే అక్షరాలు నేర్చుకున్నాడు. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ, నందికొట్కూరు, ఆత్మకూరు. మాట మాత్రం ఆలస్యం. ఏడేళ్లు వచ్చేదాకా ఊర్ల పేర్లు తీసేస్తే వాడి నోట్లో పట్టుమని ఇరవై మాటలు లేవు. శబ్దాలు పడవు. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని మిద్దె మీదికి పరుగెత్తుతాడు. చెప్పులు ఎక్కడుండాలో అక్కడే ఉండాలి, బడికి ఏ దారిన పోతే ఆ దారినే తిరిగి రావాలి. ఇదంతా మొండితనం అనుకునేవాళ్లం. వాడి మెదడు ఎదిగిన తీరే అది. పెంపకంలో లోపం వల్ల వచ్చింది కాదు, గ్రహదోషం వల్ల వచ్చింది కాదు.

ఇంకో విచిత్రం కూడా ఉంది. వాడు తన వస్తువును "నీది" అంటాడు. మనం బంతి చేతికిస్తూ "ఇది నీది రా" అంటాం కదా, వాడు ఆ మాటను ఉన్నదున్నట్టు పట్టుకున్నాడు. ఆకలేస్తే నా దగ్గరికి వచ్చి "నీకు అన్నం కావాలా" అని వాడే నన్ను అడుగుతాడు. 1943లో అమెరికాలోని బాల్టిమోరులో లియో కానర్ అనే పిల్లల మనోవైద్యుడు 11 మంది పిల్లలను గమనించి ఆటిజం మీద వ్యాసం రాసినాడు. నేను, నువ్వు అనే మాటలు ఆ పిల్లల నోట్లో తారుమారు కావడం ఆయన అప్పుడే రాసిపెట్టినాడు. అది చదివినాక నాకు కొంచెం నెమ్మది కలిగింది. కానీ మా ఇంట్లో ఈ ఒక్క మాట మీద ఎన్ని యుద్ధాలు జరిగినాయో! వాడు బొంగరం పట్టుకుని "నీది, నీది" అని అరుస్తాడు. "నాదే కదా" అని అది చేయి చాపుతుంది. వాడు జుట్టు పట్టి లాగుతాడు. నీదని ఒప్పుకుంటూనే ఎందుకు కొడుతున్నాడో ఐదేళ్ల పిల్లకు ఎట్లా అర్థమవుతుంది?

వీళ్ల కొట్లాట చిన్నది పుట్టిన రోజే మొదలైంది. కాన్పుకని నంద్యాలలోని మా అమ్మగారింటికి పోయినాను. వాడికప్పుడు నాలుగేళ్లు. వాడి మంచం మారింది, దారి మారింది, పక్కలో పడుకునే అమ్మ ఆసుపత్రికి పోయి వారం తర్వాత ఇంకో బిడ్డతో వచ్చింది. ఆ బిడ్డ రాత్రీ పగలూ ఏడుస్తుంది. ఒకరోజు బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే వాడు పరుగున వచ్చి దాని నోటి మీద రెండు చేతులూ పెట్టి గట్టిగా అదిమినాడు. నేను కేకేసినాను. అవ్వ వాడిని ఈడ్చి అవతలికి తోసింది. బిడ్డను చంపబోయినాడన్న మాట ఆ రోజే చుట్టాల్లో పాకింది. ఆ మాట చాలా ఏళ్లు వాడి వెంట తిరిగింది. వాడికి మిక్సీ ఎట్లానో ఆ ఏడుపూ అట్లానే. మిక్సీ ఐతే స్విచ్చి ఉంది. బిడ్డకు స్విచ్చి ఎక్కడుందో వెదికినాడు. ఈ సంగతి నాకు చదువుకున్నాక తట్టింది. అప్పుడు నేనూ భయపడ్డాను, ఆ తర్వాత రెండేళ్లు వాడిని దాని దగ్గరికి ఒంటరిగా పోనివ్వలేదు. వాళ్లిద్దరి మధ్య గోడ కట్టింది నేనే.

అదే సమయంలో చిన్నదాని మీద కూడా నేనొక కన్నేసి ఉంచినాను. పేరు పెట్టి పిలిస్తే తలతిప్పుతోందా, వేలు చూపితే అటు చూస్తోందా, నవ్వుకు నవ్వు ఇస్తోందా అని. ఈ భయం ఉత్తది కాదు. ఇంట్లో ఒక బిడ్డకు ఆటిజం ఉంటే తర్వాత పుట్టిన బిడ్డకు కూడా ఉండే అవకాశం ఎక్కువ. శాలీ ఒజొనాఫ్ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్లు అట్లాంటి ఇళ్లలోని 664 మంది పసిపిల్లలను మూడేళ్లు వచ్చేదాకా గమనించి, దాదాపు 19 శాతం మందిలో ఆటిజం కనిపించిందని 2011లో ప్రకటించినారు. అంటే ఇంచుమించు ఐదుగురిలో ఒకరు. కాబట్టి రెండో బిడ్డ ఎదుగుదలను 18 నెలల నుంచే చూపించుకోవాలని నేను తల్లులకు చెప్తూనే ఉంటాను. కానీ నా తప్పు నేను చెప్పుకోవాలి. నా బిడ్డ నన్ను చూసి మొదటిసారి నవ్వినప్పుడు ఆ నవ్వు చూసి నేను మురిసిపోలేదు, గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాను. పుట్టినప్పటి నుంచి దానికి అన్నే కొలబద్ద. అన్నలాగా లేకపోతే చాలు, దానికి ఇంక మేము చూడాల్సిందేమీ లేదనుకున్నాము.

మూడేళ్లకే అది మాటల్లో వాడిని దాటిపోయింది. నాలుగేళ్లకు చొక్కా గుండీలు పెట్టుకుంది, తనంతట తాను అన్నం కలుపుకుని తినింది. ఇంటికొచ్చినోళ్లు చూసి "చెల్లెలే అక్క అయిపోయింది గదమ్మా" అని మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పులోని బరువు ఆ మెచ్చుకున్నోళ్లకు తెలియదు. మన ఇండ్లల్లో అన్న అంటే ఒక అండ. బడిలో ఎవరైనా కొడితే "మా అన్నకు చెప్తా" అనడానికి పనికొచ్చే మనిషి. దానికి ఆ మాట అనే వీలు లేకపోయింది. ఎప్పుడు మొదలైందో నేను గమనించలేదు గానీ, అది వాడిని అన్నా అనడం మానేసింది. పేరుతో పిలిచేది. మా అత్త కోప్పడింది. "పెద్దోన్ని పేరు పెట్టి పిలుస్తావా?" అని. "నేనే కదా జేజీ పెద్ద" అన్నది.

అది లోపల్లోపల రాసుకున్న లెక్క చాలా పెద్దది. నాకు తెలిసింది కొంతే. వాడు ఫోను చూస్తూ అన్నం తింటే ఎవరూ ఏమీ అనరు, అది ఫోను ముట్టుకుంటే చేతి మీద దెబ్బ. వాడు పళ్లెం విసిరికొడితే తుడవాల్సింది నేను, అది ఒక్క మెతుకు పారేస్తే అన్నం విలువ మీద ఉపన్యాసం. మండలంలో ఇట్లాంటి పిల్లల కోసం నడిపే భవిత కేంద్రానికి వాడిని తీసుకుపోయినప్పుడల్లా అది గోడవారన కూర్చుని హోంవర్కు రాసుకునేది. అక్కడ వాడికి పూసలు, రంగుబంతులు, ఊయల. దానికి గోడ. ఒకరోజు "నాక్కూడా మాటలు రాకుండా ఉంటే ఈడ ఆడుకోనిస్తారా?" అని అడిగింది. నవ్వుతూ అడగలేదు.

ఒక ఏడాది ఇద్దరూ ఒకే బడిలో ఉన్నారు. వాడు క్లాసులో అరిచినప్పుడల్లా ఒకటో తరగతి నుంచి చెల్లెలిని పిలిపించి, "నీ మాటైతే వింటాడు" అని వాడి పక్కన కూర్చోబెట్టేవాళ్లట. ఇది నాకు ఏడు నెలల తర్వాత తెలిసింది. ఆ బడివాళ్లు చెడ్డవాళ్లేం కారు. వాళ్లకు అది సులువైన దారిగా కనబడింది. ఆ ఏడు నెలలూ అది ఇంటికొచ్చి ఒక్క మాట చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, "నువ్వే కదా తెలిసినదానివి" అన్నది.

నా మాటే నాకు అప్పజెప్పింది.

ఇంక ఉగాది. కల్లూరులో ఉగాది అంటే చౌడేశ్వరమ్మ గుడి. గుడి చుట్టూ బురద చేసి, ఆ బురదలో ఎద్దుల బండ్లను, గాడిదలను ప్రదక్షిణ తిప్పుతారు. చుట్టుపక్కల ఊర్ల నుంచి జనం విరగబడి వస్తారు. డప్పులు, ఈలలు, దుమ్ము, బురద చిమ్మడం, పిల్లలు కేకలు పెట్టడం. చిన్నది నెల ముందు నుంచే గాడిదలను చూస్తానని కలవరించేది. మూడేళ్లు వరసగా పోయినాము, మూడేళ్లూ గుడి కనబడే సందులోంచే వెనక్కి వచ్చినాము. డప్పు వినబడగానే వాడు నేలమీద పడి తలకొట్టుకునేవాడు. మూడో ఏడు తిరిగొస్తూ ఉంటే అది నా భుజం మీద నుంచి వెనక్కి చూస్తూ, "వీడు పుట్టకుండా ఉంటే బాగుండు" అన్నది. మా ఆయన దాని వీపు మీద ఒకటి వేసినాడు. ఆ రోజు ఇంట్లో ఎవరమూ బచ్చాలు తినలేదు.

పగ కాదది. ఐదేళ్ల బిడ్డ గాడిదలు చూడాలనుకుంది, అంతే.

ఇంతకాలం నేను ఒక వైపే చూస్తూ వచ్చినాను. చిన్నదానికి అసూయ, పెద్దోడికి ఆటిజం అనుకున్నాను. కళ్లు తెరిపించింది ఒక చిన్న గమనింపు. చిన్నది ఎప్పుడు నా ఒళ్లో కూర్చున్నా వాడు వచ్చి జడ లాగేవాడు. "వాడికి తెలీదు, ఏదో చేస్తుంటాడు" అని అందరం సర్దుకునేవాళ్లం. ఒక వారం లెక్కపెట్టినాను. నాయన ఒళ్లో కూర్చుంటే లాగడు. జేజి పక్కన పడుకుంటే లాగడు. నా ఒళ్లో కూర్చుంటేనే, అదీ నేను దాని తల నిమురుతుంటేనే లాగుతాడు. తెలియకపోవడమేమిటి? వాడికి చక్కగా తెలుసు. వాడికి అమ్మ కావాలి. అమ్మ ఒడి నిండిపోయి ఉంది. అడగడానికి మాట లేదు. జడ ఉంది.

మా జేజి, అంటే మా నాయన తల్లి, ఇట్లాంటి పిల్లోన్ని ఎడపిల్ల అనేది. చంటిబిడ్డ రాగానే అమ్మ ఒడి నుంచి ఎడమైన పెద్దబిడ్డ. ఆ బిడ్డ కారణం లేకుండా ఏడుస్తాడు, సన్నబడతాడు, చంటిదాన్ని గిల్లుతాడు. అప్పుడు ఇంట్లోవాళ్లు వాడిని కొన్నాళ్లు చంకనేసుకుని తిప్పేవాళ్లు, చేతిలో బెల్లం ముక్క పెట్టేవాళ్లు. 1930లలో డేవిడ్ లెవీ అనే అమెరికా వైద్యుడు ఈ తోబుట్టువుల పోటీ మీద బొమ్మలతో పరీక్షలు చేసి పుస్తకం రాసినాడు. మా జేజి చదువుకోలేదు గానీ ఆమెకు ఆ పోటీకి మాట తెలుసు, మందు కూడా తెలుసు. మా పెద్దోడు కూడా ఎడపిల్లే. కానీ వాడికి ఆటిజం అన్న చీటీ పడింది కాబట్టి వాడు చేసే ప్రతిదీ ఆ ఖాతాలోనే రాసినాము. మామూలు పిల్లోడికి దొరికే బెల్లం ముక్క వాడికి దొరకలేదు.

అందుకే నేను ఇప్పుడు తల్లులతో గట్టిగా చెప్తున్నాను, "వాడికి తెలీదు" అనే మాట ఇంట్లోంచి తీసేయండి అని. ఆ మాట ఇద్దరికీ అన్యాయమే చేస్తుంది. వాడికి కోపం, ఆశ, అమ్మ మీద బెంగ ఉన్నాయని ఒప్పుకోదు. దానికి తగిలిన దెబ్బను దెబ్బ అని ఒప్పుకోదు. తెలియనివాడు కొడితే అది గాలికి తలుపు తగిలినట్టే కదా, ఎవరి మీద అలుగుతుంది? అలగడానికి అన్న లేకపోతే ఇంక ప్రేమించడానికి మాత్రం ఎక్కడినుంచి వస్తాడు?

జూడీ డన్, కారల్ కెండ్రిక్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లండులో కేంబ్రిడ్జి ప్రాంతపు 40 కుటుంబాల్లో రెండో కాన్పు ముందు నుంచే కూర్చుని గమనించి 1982లో ఒక పుస్తకం రాసినారు. పుట్టిన బిడ్డను ఒక మనిషిలా చూసి, దానికి ఏం కావాలో, ఎందుకు ఏడుస్తోందో పెద్దబిడ్డతో మాట్లాడిన తల్లుల ఇండ్లల్లో నెలలు గడిచేకొద్దీ ఆ పిల్లల మధ్య చనువు ఎక్కువగా కనబడింది. వాళ్లు ఆటిజం ఉన్న పిల్లలు కారు, నిజమే. కానీ ఆ ముక్క చదివినప్పుడు నాకు మా వంటిల్లు గుర్తొచ్చింది. నేను ఒక్కరోజు కూడా వాడికి దాని గురించి చెప్పలేదు, వాడికి అర్థం కాదనుకుని. దానికి వాడి గురించి చెప్పింది ఒకటే మాట, తెలీదు అని. తాను స్వయంగా ఆటిజం ఉన్న మనిషైన డామియన్ మిల్టన్ అనే బ్రిటన్ పండితుడు 2012లో రాసిన మాట కూడా ఇక్కడికే వస్తుంది. అర్థం చేసుకోలేకపోవడం ఒక్క వైపే ఉండదు, మనకూ వాళ్లు అర్థం కావడం లేదు కదా అని ఆయన అడిగినాడు.

మాట మార్చడం చాలా కష్టం. నాలుక మీదికి పాత మాటే వస్తుంది. మెల్లగా నేర్చుకున్నాను. వాడు జడ లాగితే, "అన్నకు నా ఒళ్లో కూర్చోవాలని ఉంది, అందుకని లాగినాడు. నీకు నొప్పి పుట్టింది. లాగడం తప్పే" అని దానికి చెప్తాను. వాడి వైపు తిరిగి, తక్కువ మాటల్లో, "చెల్లికి నొప్పి. నీకు అమ్మ కావాలి. చెల్లి తర్వాత నువ్వు" అని గోడ మీద బొమ్మల చార్టు చూపిస్తాను. ఆ చార్టులో బడి, అన్నం, స్నానం, బస్సుల ఆట బొమ్మలతో పాటు "అమ్మ ఒడి" అని రెండు బొమ్మలు పెట్టినాము. ఒకటి వాడిది, ఒకటి దానిది. వాడికి ఎదురుచూడడం రాదనుకున్నాను. ఎంతసేపో కంటికి కనబడితే వాడు ఎదురుచూస్తాడు. ఇసుక గడియారం తిరగేసి పెడితే ఇసుక అయిపోయేదాకా కదలకుండా కూర్చున్నాడు మొదటి రోజే. అంతకుముందు ఏళ్ల తరబడి మేము వాడికి చెప్పింది "కాసేపాగు" అని. కాసేపు అంటే ఎంతో ఎవరికైనా ఎట్లా తెలుస్తుంది?

చిన్నదానికి మా అమ్మ ఒక ట్రంకుపెట్టె ఇచ్చింది, తాళంతో సహా. తాళంచెవి దాని మెడలోనే ఉంటుంది. అందులోది దానికి ఇష్టం లేకుండా ఎవరికీ ఇవ్వమని దాన్ని అడగకూడదు, అన్నకైనా సరే, అన్న ఏడ్చినా సరే. ఈ కట్టుబాటు నిలబెట్టడానికి నేను మా అత్తతోనూ మా ఆయనతోనూ చాలా పోట్లాడినాను. "పాపం పిల్లోడు ఏడుస్తుంటే ఆ పెన్సిలు ఇస్తే ఏమవుతుంది?" అంటారు. ఏమవుతుందంటే, దానికి తనది అనేదేదీ ఉండకుండా పోతుంది. బడి కూడా మార్చినాము. వాడికి కోపం వచ్చి అరుస్తుంటే వాడిని ఊరుకోబెట్టడం దాని పని కాదని, పక్కగదిలోకి పోయి తలుపేసుకుని నన్ను పిలిస్తే చాలని చెప్పినాను. ఆ తర్వాతి ఉగాదికి చిన్నది నాయన భుజాల మీద ఎక్కి గుడికి పోయింది. నేనూ వాడూ ఇంట్లో ఉన్నాము. అది మోకాళ్లదాకా బురదతో వచ్చి రెండు గంటలు గాడిదల కథ చెప్పింది. నలుగురం కలిసి పండగకు పోయే భాగ్యం మాకు లేదు. దానికి నేను ఏడ్చినాను, ఇప్పుడూ అప్పుడప్పుడు ఏడుస్తాను. అయినా నలుగురం కలిసి వెనక్కి రావడంకన్నా ఇద్దరు పోయి చూసి రావడం మేలు.

పోయిన ఏడు వినాయకచవితి సంగతి చెప్పాలి. పూజలో మా వాడికి చాలా ఇష్టమైన పని 21 రకాల పత్రిని వాసన చూసి వరసగా పెట్టడం. మా ఆయన కథ చదువుతున్నాడు. ఆ కథ మీకందరికీ తెలిసిందే. గణాలకు అధిపతి ఎవరనే మాట వచ్చినప్పుడు కుమారస్వామి, అన్న పొట్టివాడు, చేతకానివాడు, ఆ పదవి నాకివ్వండి అని తండ్రిని అడుగుతాడు. ముల్లోకాల్లోని నదులన్నింటిలో మునిగి ముందుగా వచ్చినవాడికి ఇస్తానంటాడు శివుడు. తమ్ముడు నెమలెక్కి పోతాడు. అన్న తల్లిదండ్రుల చుట్టూ ప్రదక్షిణ చేస్తాడు. తమ్ముడు ఏ నదికి పోయినా అన్న అప్పటికే అక్కడ మునిగి ఎదురొస్తుంటాడు. చివరికి తమ్ముడే వచ్చి తప్పు ఒప్పుకుని అన్నకే ఇవ్వమంటాడు. చిన్నప్పటి నుంచి ప్రతి ఏడూ అక్షింతలు పట్టుకుని విన్న కథ.

అక్షింతలు వేసినాక చిన్నది అడిగింది. "నాయనా, మరి కుమారస్వామికి ఏమిచ్చినారు?"

మా ఆయన పుస్తకంలో వెనక్కీ ముందుకూ చూసి, "ఆయనకు నెమలుంది కదా పాపా" అన్నాడు.

"అది ముందు నుంచే ఉంది కదా!"

మా దగ్గర జవాబు లేదు. మూడున్నర కోట్ల నదుల్లో మునిగి వచ్చిన బిడ్డ. అంత దూరం నిజంగానే తిరిగినాడు. తడిగుడ్డలతో నిలబడ్డాడు. ఆ రాత్రి పడుకోబోయే ముందు నేను లెక్కేసుకున్నాను. మా వాడు మొదటిసారి చొక్కా గుండీ పెట్టుకున్న రోజు నేను వీధంతా మైసూరుపాకు పంచినాను. అది సైకిలు నేర్చుకున్న రోజు ఎవరమూ ఇంట్లో లేము. మూడు చక్రాలది కాదు, నాయన పాత సైకిలు, కాళ్లు అందక అడ్డంగా దూర్చి తొక్కింది. పక్కింటావిడ చెప్తే తెలిసింది. అది చేయగలదు కాబట్టి చేసినదేదీ మా కంటికి ఆనలేదు.

2010లో వచ్చిన మై నేమ్ ఈజ్ ఖాన్ సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. ఆటిజం ఉన్న రిజ్వాన్ కథ అది. రిజ్వాన్ తల్లిగా నటించిన జరీనా వహాబ్ మన విశాఖపట్నంలో పుట్టినావిడ. అందరం రిజ్వాన్ కోసం ఏడ్చినాము. నేను రెండోసారి చూసినప్పుడు తమ్ముడు జాకీర్‌ను చూసినాను. అమ్మ ధ్యాసంతా అన్నమీదే ఉందని కుమిలి, చదువు పేరుతో ఇల్లు వదిలి అమెరికాకు పోయిన తమ్ముడు. సినిమాలో అతనికి దొరికిన సమయం కొంచెమే. ఇండ్లల్లోనూ అంతే.

ఇంకో మాట చెప్పి తీరాలి. చుట్టాలు వచ్చినప్పుడు ఏడేళ్ల బిడ్డ తలమీద చేయిపెట్టి, "అమ్మానాయనల తర్వాత అన్నకు నువ్వే దిక్కు" అంటారు. దయచేసి అనొద్దు. వాళ్లు మంచి మనసుతోనే అంటారు, కానీ అది విన్న రాత్రి మా చిన్నది నిద్రలో లేచి, "మీరెప్పుడు చచ్చిపోతారు మ్మా?" అని అడిగింది. వాడి భవిష్యత్తు ఆలోచించాల్సింది పెద్దోళ్లం. దానికి దారులున్నాయి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద 18 ఏళ్లు నిండినాక సంరక్షకుణ్ణి నియమించడానికి జిల్లాలో కలెక్టరు ఉండే స్థానిక కమిటీ ఉంటుంది. నిరామయ అనే పథకం కింద లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఒకటి. కాగితాలు ఇప్పుడే సిద్ధం చేసుకుంటే, ఆ బిడ్డ పెద్దదయ్యాక తన ఇష్టంతో ఏం చేయాలో తానే తేల్చుకుంటుంది. కానర్ వ్యాసంలోని మొదటి పిల్లోడు డోనాల్డ్ ట్రిప్లెట్. అతనికీ ఒక తమ్ముడుండేవాడు. డోనాల్డ్ మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే తన చిన్న ఊర్లో బ్యాంకులో పనిచేసినాడు, కారు నడిపినాడు, దేశాలు తిరిగినాడు, 2023లో 89 ఏళ్ల వయసులో పోయినాడు. ఊరు ఊరంతా అతన్ని తమవాడనుకుంది. ఒక్క తమ్ముడి భుజం మీద మోపిన బరువు కాదది. కల్లూరులో మా వీధికి నేను అడుగుతున్నది కూడా ఆ మాత్రమే.

ఇప్పుడు మా ఇంట్లో కొట్లాటలు తగ్గినాయా అంటే, లేదు. రకం మారింది. ఇంతకుముందు అది దెబ్బ తిని మూలన కూర్చునేది. ఇప్పుడు తిరిగి అరుస్తుంది, "నాది! నువ్వు తీసుకోవద్దు!" అని. వాడు చెవులు మూసుకుంటాడు, కానీ వింటాడు. నాది, నీది అనే మాటలు మనతో మాట్లాడేవాళ్ల నోటి నుంచి నేర్చుకోవడం కష్టం. వాళ్లు అన్నప్పుడు అవి తిరగబడి ఉంటాయి. పక్కన ఇద్దరు కొట్లాడుకుంటుంటే విని పట్టుకోవడం సులువు. మా చిన్నదీ, పక్కింటి పిల్లా బొంగరాల కోసం నా ముందే గంటల తరబడి "నాది", "కాదు నాది" అని రచ్చ చేస్తుంటే వాడు పక్కన మెట్ల మీద కూర్చుని, బస్సు బొమ్మలు వరసపెట్టుకుంటూ, చెవి ఇటు వేసి ఉండేవాడు. నేను కార్డులతో నాలుగేళ్లు నేర్పబోయిన మాట అది.

మొన్న దసరా సెలవులకు నంద్యాల పోయినాము. చెక్‌పోస్టు దగ్గర బస్సెక్కినాము. ఇద్దరికీ కిటికీ పక్క సీటే కావాలి. ఇద్దరికీ ఎప్పుడూ అదే కావాలి. ఒప్పందం రాసుకుని పోయినాము, బొమ్మ గీసి మరీ. ఓర్వకల్లుదాకా వాడిది, ఓర్వకల్లు నుంచి పాణ్యందాకా దానిది. ఓర్వకల్లు రాళ్లు కనబడగానే వాడు మాట తప్పకుండా లేచినాడు. అది కిటికీకి అతుక్కుని కూర్చుని, బుడ్డలు వొలుచుకుని తింటూ, పొట్టు బయటికి ఊదుతూ పోయింది. పాణ్యం వచ్చింది. పాణ్యం తర్వాత ఎవరిదో మేము రాయడం మరిచిపోయినాము.

అది కదల్లేదు. వాడు బోర్డు చదివినాడు, దాని మొహం చూసినాడు, సీటు కమ్మీ పట్టుకుని గట్టిగా అన్నాడు.

"పాణ్యం. నంద్యాల. నాది."

బస్సులో ఉన్నోళ్లంతా తిరిగి చూసినారు. నాకు కళ్లల్లో నీళ్లు వచ్చినాయి. చిన్నది మాత్రం నా వైపు చూడలేదు. అది వాడినే చూస్తూ, రెండు చేతులతో కిటికీ ఊచలు పట్టుకుని, అంతే గట్టిగా జవాబిచ్చింది.

"కాదన్నా, నాది!"